పాఠం – 7 : అభిమానం నుంచి విమర్శకు – దర్శకుడి ముద్రను గుర్తించడం

విషయక్రమం
7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 అభిమానుల వాదనలు – వాటి స్వభావం
7.3 'దర్శకుడే కర్త' అనే భావన
7.4 కె.వి.రెడ్డి : 'మాయాబజార్' ఎవరిది?
7.5 కె.విశ్వనాథ్ : ప్రేమించే సినిమాను ప్రశ్నించడం
7.6 జాబితాలో లేని పేర్లు
7.7 మీరు విమర్శ రాసేటప్పుడు
7.8 సారాంశం
7.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• అభిమాన దర్శకుడి గురించి మాట్లాడే మాటల్లో అభిప్రాయమేదో, ఆధారమేదో వేరుచేసి చూడగలుగుతారు.
• ఒక సినిమాలో దర్శకుడి పనిని రచయిత, ఛాయాగ్రాహకుడు, నటీనటుల పని నుంచి విడదీసి పరిశీలించగలుగుతారు.
• మీకు నచ్చిన దర్శకుడి గురించి ఆధారాలతో కూడిన చిన్న విమర్శ వ్యాసం రాయగలుగుతారు.

7.1 పరిచయం

తెలుగువాళ్లు నలుగురు చేరినచోట సినిమా ప్రస్తావన రాకుండా ఉండదు. టీ కొట్టు దగ్గర, బస్సులో, పెళ్లి పందిట్లో ఎవరో ఒకరు "విశ్వనాథ్ లాంటి దర్శకుడు మళ్లీ పుట్టడు" అంటారు. పక్కనున్న పెద్దాయన "కె.వి.రెడ్డి ముందు ఎవరైనా దిగదుడుపే" అంటారు. కుర్రవాడొకడు రాజమౌళి పేరు ఎత్తుతాడు. అరగంట గడుస్తుంది. ఎవరి మాట మీద వాళ్లుంటారు.

ఈ మాటలను కాలక్షేపమని తీసిపారేయనక్కరలేదు. సినిమా గురించి మనకున్న మొదటి జ్ఞానం ఇక్కడి నుంచే వస్తుంది. ఏ పుస్తకమూ చదవని ప్రేక్షకుడు కూడా ఇరవై ఏళ్ల కిందట చూసిన సన్నివేశాన్ని పాత్రల కదలికలతో సహా చెప్పగలడు. విమర్శకు కావలసిన ముడిసరుకు ఆ జ్ఞాపకమే. అయితే ముడిసరుకు ఉన్నంత మాత్రాన వస్తువు తయారుకాదు. అభిమానంతో అన్న మాటను పరీక్షకు నిలిచే మాటగా ఎలా మార్చుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఇందుకు ఇద్దరు దర్శకులను ఉదాహరణగా తీసుకుందాం: కె.వి.రెడ్డి, కె.విశ్వనాథ్.

7.2 అభిమానుల వాదనలు – వాటి స్వభావం

అభిమానుల సంభాషణలను గమనిస్తే అందులో నాలుగు రకాల వాదనలు కనిపిస్తాయి.

(అ) లెక్కల వాదన : "ఆయన తీసినవన్నీ హిట్లే." ఇది వ్యాపారం గురించిన సమాచారం. సినిమా ఆడటానికి విడుదలైన సమయం, హీరో, పాటలు, పోటీ సినిమాలు ఇలా ఎన్నో కారణాలుంటాయి. ఆడినంత మాత్రాన గొప్పదనీ, ఆడనంత మాత్రాన చెత్త అనీ చెప్పలేం.

(ఆ) అతిశయ వాదన : "అలాంటి సినిమా ఇంకెవరూ తీయలేరు." వినడానికి బాగుంటుంది గానీ, దీన్ని నిరూపించడానికీ ఖండించడానికీ దారి ఉండదు.

(ఇ) పోటీ వాదన : "మా దర్శకుడి ముందు మీ దర్శకుడెంత?" ఇందులో ఒకరిని పెంచడానికి ఇంకొకరిని తగ్గించడం తప్ప ఇద్దరి గురించీ తెలిసేదేమీ లేదు.

(ఈ) సన్నివేశ వాదన : "ఆ సీన్‌లో ఆమె ఒక్క మాట కూడా మాట్లాడదు, గమనించావా?" విమర్శ మొదలయ్యేది ఇక్కడే. ఈ మాటను సినిమా మళ్లీ చూసి సరిచూసుకోవచ్చు, ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు.

మొదటి మూడు వాదనలు మాట్లాడేవారి ఇష్టాన్ని మాత్రమే చెబుతాయి. నాలుగోది సినిమా గురించి చెబుతుంది. మీ అభిమానాన్ని వదులుకోమని విమర్శ మిమ్మల్ని అడగదు. దాన్ని నాలుగో రకం మాటల్లో చెప్పమని మాత్రమే అడుగుతుంది.

7.3 'దర్శకుడే కర్త' అనే భావన

"కె.వి.రెడ్డి సినిమా" అన్నప్పుడు ఆ షష్ఠీ సంబంధానికి అర్థమేమిటి? నవల ఒక్కరు రాస్తారు. సినిమాకు పదులు, వందల మంది పనిచేస్తారు. అందులో ఒక్కరినే కర్త అనడం ఎంతవరకు సబబు?

ఈ ప్రశ్న మీద ప్రపంచ సినిమా విమర్శలో పెద్ద చర్చ జరిగింది. 1954లో ఫ్రాన్స్‌లో ఫ్రాంస్వా త్రుఫో అనే యువ విమర్శకుడు 'కాయే ద్యు సినెమా' పత్రికలో రాసిన వ్యాసం దీనికి ఊపునిచ్చింది. మంచి సాహిత్యాన్ని తీసుకుని శుభ్రంగా తెరకెక్కించడంతో సరిపోదనీ, దర్శకుడి సొంత చూపు సినిమాలో కనిపించాలనీ ఆ పత్రిక విమర్శకులు వాదించారు. 1962లో అమెరికా విమర్శకుడు ఆండ్రూ శారిస్ ఈ భావనకు మూడు కొలమానాలు ప్రతిపాదించాడు: సాంకేతిక సామర్థ్యం, గుర్తుపట్టగల సొంత శైలి, సినిమాల లోపలి నుంచి పలికే అర్థం. మరుసటి ఏడాదే పాలీన్ కేల్ అనే విమర్శకురాలు దీన్ని గట్టిగా ఎదిరించింది. గుర్తుపట్టగలిగినంత మాత్రాన అది గొప్పదెలా అవుతుందన్నది ఆమె అభ్యంతరాల్లో ఒకటి.

ఈ చర్చలో మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. ఆ ఫ్రెంచి విమర్శకులు మెచ్చుకున్న దర్శకుల్లో హాలీవుడ్ స్టూడియోల్లో, నిర్మాతల కట్టుబాట్ల మధ్య పనిచేసిన హిచ్‌కాక్, హాక్స్ వంటివారున్నారు. స్టూడియోలో ఉంటూ కూడా సొంత ముద్ర వేయవచ్చని వారి వాదన. మన మద్రాసు స్టూడియోల కాలానికి ఈ ప్రశ్న సరిగ్గా వర్తిస్తుంది. వాహినీ, విజయా సంస్థలకు సొంత రచయితలు, ఛాయాగ్రాహకులు, కళాదర్శకులు ఉండేవారు. నిర్మాతలు నాగిరెడ్డి – చక్రపాణిలలో చక్రపాణి స్వయంగా రచయిత. ఇంతమంది మధ్య దర్శకుడి వాటా ఎంత?

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. అభిమానుల వాదనల్లో విమర్శకు ఉపయోగపడే వాదన ఏది? ఎందుకు?
2. ఆండ్రూ శారిస్ చెప్పిన మూడు కొలమానాలు ఏవి?

7.4 కె.వి.రెడ్డి : 'మాయాబజార్' ఎవరిది?

అనంతపురం జిల్లా తాడిపత్రిలో 1912లో పుట్టిన కదిరి వెంకటరెడ్డి 'భక్త పోతన' (1943)తో దర్శకుడయ్యారు. 'యోగి వేమన' (1947), 'గుణసుందరి కథ' (1949), 'పాతాళ భైరవి' (1951), 'పెద్దమనుషులు' (1954), 'దొంగరాముడు' (1955), 'మాయాబజార్' (1957), 'జగదేకవీరుని కథ' (1961) ఆయన ప్రసిద్ధ చిత్రాలు.

'మాయాబజార్'ను తలచుకోగానే అభిమానులు చెప్పే గొప్పలను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది వెన్నెల. నౌకావిహారం సన్నివేశంలోని వెన్నెలను చూసి "కె.వి.రెడ్డి ఎంత బాగా తీశాడు!" అంటారు. ఆ సినిమా ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే. 1955లో ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వంలో వచ్చిన 'మిస్సమ్మ'కు కూడా ఆయనే ఛాయాగ్రాహకుడు. అందులోనూ అంత చల్లని వెన్నెలే కనిపిస్తుంది. దర్శకుడు మారినా వెన్నెల మారలేదంటే, ఆ వెన్నెలను మొదట బార్ట్‌లే ఖాతాలో రాయాలి.

రెండోది మాటలు. 'అసమదీయులు', 'తసమదీయులు' వంటి పదాలు ఇప్పటికీ జనం నోట ఉన్నాయి. ఇవి పింగళి నాగేంద్రరావు సృష్టి. మూడోది సంగీతం. కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావు కట్టినవి. సంగీత దర్శకత్వం పూర్తిచేసింది ఘంటసాల. నాలుగోది నటన. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించిన తరువాత, సావిత్రి ఆడపిల్ల ఒంటితో రాక్షసుడి నడక నడుస్తుంది. ఆ చూపు, ఆ ఠీవి నటి సొత్తు. అయిదోది సెట్లు, ఆభరణాలు, మాయానగరి. వీటి వెనుక గోఖలే, కళాధర్‌ల కృషి ఉంది.

ఇలా పంచుకుంటూ పోతే దర్శకుడికి ఏం మిగిలింది? సినిమాను మళ్లీ శ్రద్ధగా చూస్తే ఒకటి కనిపిస్తుంది. ఏ విషయం ప్రేక్షకుడికి ఎప్పుడు తెలియాలి, పాత్రకు ఎప్పుడు తెలియాలి అన్న క్రమం అది.

'ప్రియదర్శిని' పేటిక సన్నివేశాన్ని తీసుకోండి. అది తెరిచినవారికి తమకు ప్రియమైనది కనిపిస్తుంది. బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు, శశిరేఖకు అభిమన్యుడు, కృష్ణుడికి శకుని కనిపిస్తారు. చూడటానికి ఇది వినోద సన్నివేశం. కానీ పెళ్లి తగాదా మొదలు కాకముందే ఎవరి మనసు ఎటు ఉందో, ఎవరి బలహీనత ఏమిటో మనకు తెలిసిపోయింది. తరువాత బలరాముడు ఇచ్చిన మాట తప్పితే మనం ఆశ్చర్యపోం. ఎందుకు తప్పాడో ముందే చూశాం. ఇక మాయా శశిరేఖ పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కినప్పుడు నవ్వు పుట్టడానికి కారణం, ఆ పెళ్లికూతురు ఎవరో మనకు తెలుసు, పెళ్లికొడుక్కి తెలియదు. ఆ రహస్యాన్ని మన దగ్గర కూడా దాచి ఉంటే ఒక్కసారి ఉలిక్కిపడేవాళ్లం. ముందే చెప్పినందువల్ల సన్నివేశమంతా నవ్వుతూనే ఉన్నాం.

ఇది రచయిత పింగళి గొప్పతనం కావచ్చు గదా అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దానికి ఇతర చిత్రాలతో పోల్చి చూడాలి. 'పాతాళ భైరవి'లో తోటరాముడిని మాంత్రికుడు బలి ఇవ్వబోతున్నాడని మనకు ముందే తెలుసు, రాముడికి చాలాసేపటి దాకా తెలియదు. ఇదీ పింగళి రచనే కాబట్టి ప్రశ్న తేలలేదు. ఇప్పుడు 'పెద్దమనుషులు' చూడండి. ఇది జానపదం కాదు, పురాణం కాదు, సాంఘికం. మాటలు రాసింది డి.వి.నరసరాజు. ఇందులోనూ ఊరంతా దండం పెట్టే పెద్దల అసలు రూపం ఊరికన్నా ముందు ప్రేక్షకుడికి తెలుస్తుంది. ఊరికి ఎప్పుడు తెలుస్తుందా అని మనం ఎదురుచూస్తాం. రచయిత మారాడు, కథాజాతి మారింది, పద్ధతి మాత్రం అలాగే ఉంది. కనుక ఇది కె.వి.రెడ్డి పద్ధతి అనడానికి మనకు ఆధారం దొరికింది. చిత్రీకరణకు ముందు స్క్రిప్టు మీద ఆయన ఎంతో కాలం వెచ్చించేవారన్న ప్రసిద్ధి కూడా దీనికి సరిపోతుంది. ఆయన ముద్ర కెమెరా కన్నా ముందు, కాగితం మీదే పడుతుంది.

ఇంకో పరీక్ష కూడా చేయవచ్చు. 'పాతాళ భైరవి' తరువాత విజయా సంస్థే 'చంద్రహారం' (1954) అనే మరో జానపదం తీసింది. రచన పింగళి, కెమెరా బార్ట్‌లే, సంగీతం ఘంటసాల, నాయకుడు ఎన్.టి.రామారావు. దర్శకుడు మాత్రం కమలాకర కామేశ్వరరావు. ఆ సినిమా విజయం సాధించలేదు. "చూశారా, కె.వి.రెడ్డి లేకపోతే ఏమైందో!" అని అభిమాని చప్పట్లు కొడతాడు. విమర్శకుడు అక్కడ ఆగి ఆలోచించాలి. తోటరాముడు రాకుమారిని కోరుకుని, దానికోసం తానే బయలుదేరే మనిషి. 'చంద్రహారం' నాయకుడి ప్రాణం ఒక హారంలో చిక్కుకుంటుంది. అతడి చేతిలో ఉన్నది తక్కువ. అంటే కథలోనే తేడా ఉంది. పైగా అదే కామేశ్వరరావు తరువాత 'గుండమ్మ కథ' (1962), 'నర్తనశాల' (1963) తీశారు. అటు కె.వి.రెడ్డి కూడా 1968లో అదే విజయా సంస్థకు, పింగళి రచనతో, ఎన్.టి.రామారావు నాయకుడిగా తీసిన 'ఉమా చండీ గౌరీ శంకరుల కథ' ప్రేక్షకులను మెప్పించలేకపోయింది. ముద్ర ఉన్నంత మాత్రాన ప్రతి సినిమా నిలబడదు. ఒక్క సినిమాతో ఏ దర్శకుడికీ తీర్పు చెప్పరాదు.

7.5 కె.విశ్వనాథ్ : ప్రేమించే సినిమాను ప్రశ్నించడం

శబ్దగ్రహణ విభాగంలో పనిచేసి, 'ఆత్మగౌరవం' (1965)తో దర్శకుడైన కె.విశ్వనాథ్‌కు 'శంకరాభరణం' (1980) దేశవ్యాప్త కీర్తి తెచ్చింది. 2016 సంవత్సరానికి ఆయన దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం పొందారు. తెలుగు దర్శకుల్లో ఈ పురస్కారం ముందుగా అందుకున్నది 'మల్లీశ్వరి' దర్శకుడు బి.ఎన్.రెడ్డి.

"శాస్త్రీయ సంగీతాన్ని బతికించాడు" అన్నది విశ్వనాథ్ అభిమానులు తరచుగా చెప్పే మాట. ఇందులో కె.వి.మహదేవన్ బాణీలకు, వేటూరి సాహిత్యానికి, ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం గాత్రాలకు, బాలు మహేంద్ర కెమెరాకు, జంధ్యాల మాటలకు వాటా ఉంది. మరి దర్శకుడి ముద్ర ఎక్కడుంది? మౌనంలో ఉందని చెప్పవచ్చు. శంకరశాస్త్రి, తులసి ఒకరితో ఒకరు మాట్లాడుకునే మాటలు చాలా తక్కువ. వారి మధ్య ఉన్న బంధానికి సినిమా పేరు పెట్టదు. చూపుతో, దూరంతో, పాటతో చెబుతుంది. 'సాగరసంగమం' (1983)లో బాలు, మాధవిల మధ్య కూడా చెప్పని మాటే కథను నడుపుతుంది. 'శంకరాభరణం'కు బాలు మహేంద్ర, 'సాగరసంగమం'కు పి.ఎస్.నివాస్ ఛాయాగ్రాహకులు. మొదటిదానికి మహదేవన్, రెండోదానికి ఇళయరాజా సంగీతం. మనుషులు మారినా మౌనం మారలేదు.

ముద్ర దొరికింది. ఇక్కడితో ఆగితే అది మెచ్చుకోలు మాత్రమే అవుతుంది. ఆ ముద్ర ఏం చెబుతోంది అన్నది తరువాతి ప్రశ్న. 'శంకరాభరణం'లో తులసి వేశ్యావృత్తికి నెట్టబడిన కుటుంబంలో పుట్టిన స్త్రీ. ఆమెకు నృత్యం వచ్చు, సంగీతం మీద అపారమైన ప్రేమ ఉంది. కానీ కథలో ఆమె జీవితానికి సార్థకత శాస్త్రిగారిని సేవించడంలో, తన కొడుకును ఆయన శిష్యుణ్ని చేయడంలో దొరుకుతుంది. దేవాలయ నృత్యాన్నీ దానికి సంబంధించిన సంగీతాన్నీ తరతరాలుగా కాపాడిన వర్గాల్లో ఆమెవంటి స్త్రీలున్నారన్నది చరిత్ర. సినిమాలో మాత్రం ఆమె సంప్రదాయానికి వారసురాలు కాదు, భక్తురాలు. కళ ఎవరి సొత్తు అన్న ప్రశ్న దగ్గరికి వచ్చి, సినిమా పక్కకు తప్పుకుంది.

ఇది విశ్వనాథ్‌ను తక్కువ చేయడమా? 'సప్తపది' (1981) చూస్తే మన తీర్పును కొంత సవరించుకోవలసి వస్తుంది. అందులో బ్రాహ్మణ యువతి హేమ, దళితుడైన వేణు విద్వాంసుడు హరిబాబు ప్రేమించుకుంటారు. ఆమెకు బంధువుతో పెళ్లయిపోతుంది. చివరికి నిష్ఠాపరుడైన యాజులుగారే ఆమెను హరిబాబు దగ్గరకు పంపిస్తారు. ఆ కాలపు వ్యాపార సినిమాలో ఇది సాహసం. అయితే ఆ మార్పు ఎవరి వల్ల వచ్చింది? ప్రేమికులు ఎదిరించి గెలవలేదు. పెద్దాయన మనసు మారింది కాబట్టి దారి దొరికింది. పెద్దాయన మారకపోయి ఉంటే? ఆ ప్రశ్నకు సినిమాలో జవాబు లేదు. విశ్వనాథ్ సంప్రదాయాన్ని ప్రశ్నించలేదనడం తప్పు. ప్రశ్నించే అధికారాన్ని ఆయన ఈ చిత్రంలో సంప్రదాయంలోని పెద్ద చేతికే ఇచ్చారనడం సరైన మాట. ఆయన బలం, పరిమితి ఒకే చోట ఉన్నాయి. యాజులుగారి లోపలి ఘర్షణ అంత బలంగా కనిపించడానికీ, హరిబాబు గొంతు అంత తక్కువగా వినిపించడానికీ కారణం ఒక్కటే.

విశ్వనాథ్‌ను ఇష్టపడే పాఠకులకు ఈ మాటలు కొంచెం నొప్పి కలిగించవచ్చు. కానీ గమనించండి: ఈ ప్రశ్నలు ఆ సినిమాలను పదేపదే, శ్రద్ధగా చూసినందువల్ల పుట్టినవే. పట్టించుకోదగ్గ సినిమానే మనం ఇంతగా ప్రశ్నిస్తాం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. 'పెద్దమనుషులు' చిత్రాన్ని 'మాయాబజార్'తో పోల్చడం వల్ల ఏ విషయం తేలింది?
2. 'సప్తపది' ముగింపుపై ఈ పాఠంలో చేసిన వ్యాఖ్యతో మీరు ఏకీభవిస్తారా? మూడు వాక్యాల్లో రాయండి.

7.6 జాబితాలో లేని పేర్లు

అభిమానులు చెప్పే గొప్ప దర్శకుల జాబితాల్లో స్త్రీల పేర్లు అరుదు. భానుమతి 1953లోనే 'చండీరాణి'కి తెలుగు, తమిళ, హిందీ మూడు భాషల్లో దర్శకత్వం వహించారు. యద్దనపూడి సులోచనారాణి నవల ఆధారంగా 'మీనా' (1973) తీసిన విజయనిర్మల నలభైకి పైగా చిత్రాలకు దర్శకత్వం వహించి, అత్యధిక చిత్రాలు తీసిన మహిళా దర్శకురాలిగా 2002లో గిన్నిస్ పుస్తకంలో చోటు పొందారు. ఆమెను తలచుకునేటప్పుడు మనం ఆ సంఖ్యనే చెబుతాం. ఆమె సన్నివేశాలను ఎలా నడిపారు, స్త్రీ పాత్రలకు ఎంత చోటిచ్చారు అన్నది చర్చించం. 7.2లో చెప్పిన లెక్కల వాదన పొగడ్తలోనూ అన్యాయం చేయగలదు. ఆ సంఖ్య వెనుక ఉన్న సినిమాలను చూడవలసిన బాధ్యత కొత్త విమర్శకులది. అంటే మీది.

7.7 మీరు విమర్శ రాసేటప్పుడు

'సాగరసంగమం' తొలి భాగంలో ఒక సన్నివేశం ఉంది. బాలు పత్రికకు నృత్య విమర్శలు రాస్తుంటాడు. శైలజ అనే నర్తకి ప్రదర్శనలో లోపాలున్నాయని రాస్తాడు. ఆగ్రహించినవారు పత్రికా కార్యాలయానికి వస్తారు. అప్పుడు బాలు వాదన పెట్టుకోడు. అదే సాహిత్య భాగాన్ని వేర్వేరు నృత్యరీతుల్లో అభినయించి, ఎక్కడ తప్పు జరిగిందో చూపిస్తాడు. విమర్శకుడికి నాట్యం వచ్చి తీరాలని దీని అర్థం కాదు. తన మాటకు ఆధారాన్ని ఎదుటివారి కళ్లముందు పెట్టగలగాలి.

మీరు ఈ క్రమాన్ని పాటించండి:
1. ఒక సన్నివేశాన్ని ఎంచుకుని, తెరపై కనిపించినది, వినిపించినది మాత్రమే అయిదారు వాక్యాల్లో రాయండి. 'అద్భుతం', 'మహాద్భుతం' వంటి మాటలు వాడకండి.
2. అందులో ఏ పని ఎవరిదో టైటిల్స్ చూసి విడదీయండి.
3. అదే దర్శకుడు వేరే బృందంతో తీసిన మరో సినిమాను చూడండి. రెండింటిలోనూ కనిపించేదాన్ని గుర్తించండి.
4. మీ వాదనకు అడ్డొచ్చే సినిమా ఒకటైనా వెతకండి. దాన్ని దాచిపెట్టకండి.
5. ఆ ముద్ర ఎవరికి గొంతు ఇస్తోంది, ఎవరికి ఇవ్వడం లేదు అని అడగండి.
6. చివర మీ తీర్పు చెప్పండి. ఇష్టాన్ని కూడా చెప్పండి. అప్పటికి దానికి కారణాలు తోడై ఉంటాయి.

7.8 సారాంశం

అభిమానుల మాటల్లో సన్నివేశాన్ని ఆధారం చేసుకున్న వాదన విమర్శకు పునాది. సినిమా సమష్టి కళ. అందువల్ల దర్శకుడి ముద్రను గుర్తించాలంటే తక్కిన కళాకారుల పనిని ముందు గుర్తించాలి. బృందం మారినా మారని లక్షణమే దర్శకుడిది అనడానికి బలమైన ఆధారం. కె.వి.రెడ్డి చిత్రాల్లో విషయాన్ని ప్రేక్షకుడికి ముందుగా తెలిపే క్రమం, విశ్వనాథ్ చిత్రాల్లో మాటలకు బదులు మౌనంతో బంధాన్ని చెప్పడం అలాంటి లక్షణాలు. ముద్రను గుర్తించిన తరువాత దాని అర్థాన్ని, పరిమితులను పరిశీలించడం విమర్శకుడి బాధ్యత.

7.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 'మాయాబజార్' చిత్రంలో దర్శకుడి వాటాను ఎలా నిర్ణయించవచ్చో ఉదాహరణలతో వివరించండి.
2. విశ్వనాథ్ చిత్రాల్లో సంప్రదాయం పట్ల గౌరవం, ప్రశ్న రెండూ ఎలా కలిసి ఉన్నాయో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 'పాతాళ భైరవి', 'చంద్రహారం' చిత్రాలను పోల్చి తీర్పు చెప్పడంలో తీసుకోవలసిన జాగ్రత్తలేమిటి?
2. విజయనిర్మల గురించిన ప్రస్తావనల్లో లెక్కల వాదన ఎలా కనిపిస్తుంది?

III. అభ్యాసం
మీ ఇంట్లోగానీ, మీరు పనిచేసే చోటగానీ ఇద్దరిని వారి అభిమాన దర్శకుల గురించి మాట్లాడించండి. వారి మాటలను రాసుకుని, 7.2లోని నాలుగు రకాలుగా విభజించండి. వారు చెప్పిన సన్నివేశాల్లో ఒకదాన్ని చూసి, 7.7లోని క్రమాన్ని అనుసరించి రెండు పేజీల విమర్శ రాయండి. సంపర్క తరగతికి వచ్చేటప్పుడు దాన్ని వెంట తీసుకురండి.